వెనక సీటు కింద తడి

సోమవారం

పెదనాన్నగారికి నమస్కరించి రాయునది.

ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. అలా రాయడం అలవాటు కాబట్టి రాశాను. నిజానికి మీరు నాకిచ్చిన వ్యాన్ బాగాలేదు, అందుచేత నేనూ బాగాలేను. ఫోన్ చేద్దామంటే మీ సంగతి తెలిసిందే. నలభై ఏళ్లు ఇంజన్ల పక్కన నిలబడి చెవులు పోగొట్టుకున్నారు, ఆ మాట మాత్రం ఒప్పుకోరు. నేనేం చెప్పినా "ఆఁ, అలాగే అలాగే" అని పెట్టేస్తారు. అందుకని ఉత్తరం. పార్సిల్ లారీ ఆయన మంగళ, శుక్రవారాల్లో మీ షెడ్డు ముందునుంచే పోయి, సాయంత్రం అదే దారిన తిరిగి వస్తాడట. ఆయన చేతికిస్తున్నాను.

వారానికి మూడు ఉదయాలు ఎనిమిదిమంది పెద్దవాళ్లను ఆసుపత్రికి, కీళ్ల వ్యాయామానికి తీసుకెళ్తున్నాను కదా. బయట చలి ఎముకలు కొరుకుతోంది. వెనక సీటు కింద మీరు చేత్తో బిగించిన హీటర్ ఉంది కాబట్టే వాళ్లు నా బండి ఎక్కుతున్నారు. ఇప్పుడు ఆ సీటు కిందే తడి. పది రోజులయింది. తుడుస్తాను, మర్నాటికి మళ్లీ తయారు. లేత పసుపు రంగు. వెనక అద్దాలు లోపలివైపు మసకబారిపోతున్నాయి. మొదట వాన అనుకున్నాను, కాని వాన పడి నెలయింది. కిటికీ రబ్బరు అనుకుని కొత్తది వేయించాను. కిటికీ బాగుపడింది, తడి అలాగే ఉంది.

ఇక అసలు సంగతి రాయడానికి చేయి ఆడటం లేదు. వెనక సీటులో ఇద్దరే కూర్చుంటారు. ఒకరు పంతులమ్మగారు, ఎనభై ఏళ్లు, తుంటి ఎముక ఆపరేషన్ అయింది. ఈ చలికాలం వ్యాయామం మానితే ఇక కర్రతో కూడా నడవలేరని డాక్టరు చెప్పాడు. రెండో ఆవిడ కుట్టుమిషను పిన్నిగారు, ఇద్దరు మనుషులంత మొహమాటస్థురాలు. తడి ఇద్దరి మధ్య మొదలై పంతులమ్మగారి కాళ్లవైపు పారుతోంది. ఇంతకంటే నేను రాయను. మీరు పెద్దవారు, అర్థం చేసుకోండి.

ఈ ఉదయం ఆవిడ సీటు గుడ్డ కింద చప్పుడు కాకుండా ఒక ప్లాస్టిక్ కాగితం పరిచాను. ఆవిడ కూర్చోగానే అది బరబరమంది. ఆవిడ నావైపు చూసిన చూపుకు నాకు మోకాళ్ల మీద కూర్చోవాలనిపించింది.

ఇట్లు,
అద్దాలు తుడిచి తుడిచి చేయి పడిపోయిన
మీ తమ్ముడి కొడుకు

తా.క. రెండో వరుసలో కూర్చునే రిటైరైన స్టేషన్ మాస్టరుగారు వెనక్కి చూసి గొంతు సవరించుకోవడం మొదలుపెట్టారు. ఆయన గొంతు సవరించారంటే బండేదో వస్తోందన్నమాటే.


మంగళవారం

చిరంజీవి అబ్బాయికి పెదనాన్న ఆశీర్వదించి రాయునది.

ఉత్తరం అందింది. నా చెవుల గురించి రాసిన వాక్యాన్ని కొట్టేశాను, మిగతాది చదివాను.

బండి బాగాలేదంటావా? ఆ బండి నీకంటే గట్టిది. శ్రద్ధగా విను. ఇంజన్‌లో వేడెక్కిన నీళ్లను వెనక్కి తీసుకుపోవడానికి ఒక పైపు, చల్లారినవాటిని మళ్లీ ముందుకు తేవడానికి ఇంకో పైపు. రెండూ ఎడమ గోడ వెంబడి రేకు మూత కింద పోతాయి. దారిలో రెండు చోట్ల అతుకులున్నాయి. ఒకటి రెండో వరుస సీటు కింద, రెండోది చివర హీటర్ పెట్టె దగ్గర. ఆ దారి నాకూ దేవుడికీ తప్ప ఎవరికీ తెలియదు కాబట్టి, మీ ఊరి మెకానిక్ చేతికి మాత్రం బండి ఇవ్వకు.

పైపు కారితే, ఇంజన్ నీళ్లలో కలిపే కూలెంట్ మందు కారాలి. కూలెంట్ ఆకుపచ్చగా ఉంటుంది, తియ్యటి వాసన వేస్తుంది, వేళ్ల మధ్య జిడ్డుగా తగులుతుంది. నువ్వు రాసిందాంట్లో ఈ మూడింటిలో ఒక్కటీ లేదు. అయినా చూడకుండా తీర్పు చెప్పను. నాది అట్ట వైద్యం. ఒక అట్టపెట్టె విప్పి వెనక సీటు కింద పరుచు. ఒక ట్రిప్పు తిప్పు. ఆ అట్ట ఆరబెట్టి నాకు పంపు. మచ్చ చూసి జబ్బు చెబుతాను. ఈ నలభై ఏళ్లలో నా అట్ట ఒక్కసారి కూడా అబద్ధం చెప్పలేదు.

ఇట్లు,
నీ పెదనాన్న

తా.క. రుచి చూడకు. కూలెంట్ విషం. చిన్నప్పుడు బ్యాటరీ నీళ్లు నాకబోయిన వెధవ్వి కాబట్టి చెబుతున్నాను.


శుక్రవారం

పెదనాన్నగారికి నమస్కారాలతో,

అట్ట పంపుతున్నాను. చుట్టచుట్టి తాడు కట్టాను.

దాన్ని పరిచేటప్పటికి పంతులమ్మగారు అప్పటికే ఎక్కి కూర్చున్నారు. నా అదృష్టం ఎప్పుడూ అంతే. "ఇదేమిటి నాయనా?" అన్నారు. "చలికండీ, కాళ్లకు వెచ్చగా ఉంటుందని" అన్నాను. ఆవిడ కళ్లజోడు పెట్టుకుని అట్ట మీద అచ్చువేసినదంతా చదివి, సంచిలోంచి పెన్ను తీసి, ఒక మాట దిద్ది, "ఇప్పుడు పరుచు" అన్నారు. మీకు అందిన అట్ట మీద ఎర్ర గీత ఉంటే అది బండి పెట్టిన మచ్చ కాదు, ఆవిడ దిద్దుబాటు.

అబద్ధం చెప్పి తిరిగి స్టీరింగు దగ్గరికి వస్తుంటే పిన్నిగారు చేతిసంచి గట్టిగా పట్టుకుని తల వంచుకుని కూర్చున్నారు. ఈ మధ్య ఆవిడ అసలు మాట్లాడటం లేదు. స్టేషన్ మాస్టరుగారు మాత్రం నా వీపు వెనక "అట్టా? అట్ట దేనికి?" అని ఇద్దరిని అడిగారు. ఆ ఇద్దరూ మరో ఇద్దరిని అడిగారు. ఆసుపత్రి చేరేసరికి బండిలో అందరికీ అట్ట దేనికో తెలిసిపోయింది, నాకు తప్ప.

తొందరగా చెప్పండి. నాకు బకెట్టు, గుడ్డ తప్ప ఈ మధ్య మరో చుట్టం లేదు.

ఇట్లు,
మీ తమ్ముడి కొడుకు

తా.క. పార్సిల్ లారీ ఆయన ఇందులో ఏముందని అడిగాడు. "పరీక్షకు పంపుతున్నాం" అన్నాను. అప్పటినుంచి చుట్టను రెండు వేళ్లతో పట్టుకుని, తీసుకెళ్లి టైర్ల పక్కన పెట్టాడు.


సోమవారం

చిరంజీవి అబ్బాయికి ఆశీస్సులు.

అట్టను కిటికీ దగ్గర పెట్టి చూశాను, దీపం కింద చూశాను, వాసన చూశాను. ముందు ఏది, వెనక ఏది అని రాయకుండా పంపావు, అయినా పరవాలేదు, మచ్చ మచ్చే.

ఆకుపచ్చ లేదు. తీపి వాసన లేదు. జిడ్డు లేదు. లేత పసుపు, అంచున గోధుమరంగు గీత. ఇలాంటి మచ్చను ఏ బండీ పెట్టదు. ఇది మనిషి మచ్చ. బండి నిర్దోషి.

నువ్వు కంగారు పడకు, ఎవర్నీ కంగారు పెట్టకు. ఇది వయసు మళ్లినవాళ్లకు వచ్చేదే. సిగ్గుపడాల్సిన పని లేదు. ఆసుపత్రి నర్సమ్మతో చెప్పి, ఆవిడతో ఒంటరిగా, నెమ్మదిగా మాట్లాడించు. నువ్వు మాత్రం మాట్లాడకు. నీ నోరూ పాత సైలెన్సరూ ఒకటే.

ఇట్లు,
బండి మర్యాద కాపాడిన
నీ పెదనాన్న

తా.క. అట్ట వెనక్కి పంపడం లేదు. నా తీర్పు విని మీ పెద్దమ్మ దాన్ని కర్రతో ఎత్తి బయట పారేసింది. నా చేత రెండుసార్లు చేతులు కడిగించింది. నేను వాసన చూశానని ఆవిడకు చెప్పలేదు.


మరుసటి సోమవారం

పెదనాన్నా,

నమస్కారాలు పెట్టే ఓపిక లేదు. కొంప మునిగింది.

మీ ఉత్తరం చదివి డాష్‌బోర్డు మీద పెట్టాను. తప్పు నాదే. ఆసుపత్రి దగ్గర అందరూ దిగి లోపలికి వెళ్లారు, నేను టీకి వెళ్లాను. స్టేషన్ మాస్టరుగారు మిగతావాళ్లకంటే ముందే వ్యాయామం ముగించి బండెక్కి, బండి కాగితాలేమోననుకున్నానంటూ దాన్ని చదివారు. తర్వాత ఒక్కొక్కరే వచ్చారు. వచ్చిన ప్రతివాళ్లకూ మొదటినుంచి మళ్లీ చదివారు. నేను తిరిగొచ్చేసరికి ఆయన "వయసు మళ్లినవాళ్లకు వచ్చేదే" దగ్గరున్నారు. ప్లాట్‌ఫారం మీద చెప్పినట్టు, చివరి పెట్టె దాకా వినపడేలా చదివారు.

వాళ్లు చెడ్డవాళ్లు కారు, అదే నా బాధ. అందరూ అయ్యో పాపం అన్నారు. స్టేషన్ మాస్టరుగారే ఆసుపత్రి కొట్టుకు వెళ్లి పెద్దవాళ్లకు కట్టే డైపర్ల పొట్లం ఒకటి తెచ్చి, వెనక సీటు మీద పెట్టారు. సాయం చేశాననుకున్నారు. పంతులమ్మగారు కర్ర పట్టుకుని మెల్లగా ఎక్కారు. పొట్లాన్ని చూశారు. పక్కనున్న పిన్నిగారి మొహం చూశారు. ఆ పొట్లం తీసి తన సంచిలో పెట్టుకుని, "అందరికీ దయ ఎక్కువే" అన్నారు. దారంతా కిటికీలోంచి చూస్తూ కూర్చున్నారు. ఇంటిముందు దిగేటప్పుడు నాతో, "ఇక నా ఇంటిముందు ఆపకు నాయనా" అన్నారు.

రెండు ట్రిప్పులయింది. ఆవిడ రావడం లేదు.

ఇప్పుడు మీ తీర్పు సంగతి వినండి. ఆ రోజే అందర్నీ దింపి తిరిగి వస్తుంటే టెంపరేచర్ ముల్లు ఎర్రగీత దాటింది. పక్కకు ఆపి, బోనెట్ ఎత్తి, చల్లారేదాకా కూర్చుని, రేడియేటర్ మూత తీశాను. సగం ఖాళీ. మిగిలిన సగంలో ఆకుపచ్చ ఎక్కడుంది పెదనాన్నా? వట్టి నీళ్లు. తుప్పు కలిసి లేత పసుపు తిరిగిన నీళ్లు. వెనక రేకు మూత విప్పితే హీటర్ పెట్టె దగ్గర అతుకు తుప్పుపట్టి, రబ్బరు పైపు నోరు తెరుచుకుని ఉంది. బండి నిర్దోషి అన్నారు కదా. అయితే ఆ నీళ్లు ఎవరు పోశారు? నేనైతే పోయలేదు.

అప్పటికి వెనక హీటర్‌ను తప్పించేశాను. ఇంజన్ దగ్గరే రెండు పైపుల మూతులూ చిన్న ముక్కతో కలిపేశాను, నీళ్లు అక్కడికక్కడే తిరిగి వస్తున్నాయి. వెనకంతా పొడి. నా కర్మ ఇక్కడే మొదలయింది. ఆవిడ రావడం మానిన రోజునుంచే తడి కూడా ఆగిపోయింది! "చూశారా" అన్నారు స్టేషన్ మాస్టరుగారు. నేను పైపు సంగతి మొత్తుకున్నాను. ఆయన నా భుజం తట్టి, "మంచి మనసు బాబూ నీది. ఆవిడ పరువు కాపాడాలని చూస్తున్నావు" అన్నారు. చిరిగిన పైపు తెచ్చి చూపించాను. "పాపం, పైపు కూడా వెతికి తెచ్చాడు" అన్నారు.

ఆవిడ ఇంటికి వెళ్లాను. తలుపు తియ్యలేదు. కిటికీలోంచే, "నడిచి నేనిప్పుడు ఎక్కడికి వెళ్లాలి నాయనా, కూర్చుంటాలే" అన్నారు. పెదనాన్నా, ఆవిడ నడక పోతే అందులో సగం నా ప్లాస్టిక్ కాగితం, సగం మీ అట్ట.

ఇట్లు,
ఏం రాయాలో తెలియని నేను

తా.క. పిన్నిగారు ఇప్పుడు వెనక సీటులో ఒక్కరే కూర్చుంటున్నారు. కంబళి కప్పుకుని ఏడుస్తున్నారు. చలికనుకుని నా కోటు ఇచ్చాను. ఇంకా ఎక్కువ ఏడ్చారు.

మరో తా.క. పంతులమ్మగారు రైలుగేటు పక్కనున్న చిన్నబడిలో ముప్ఫై ఏళ్లపాటు ఒకటో తరగతికే చెప్పారట. మీరు ఓనమాలు దిద్దింది ఆ బడేనని నాన్న అంటుండేవాడు. నిజమేనా?


మంగళవారం

అబ్బాయీ,

లారీ ఆయన్ను గుమ్మం ముందు నిలబెట్టి రాస్తున్నాను. ఆశీస్సులు తర్వాత.

ఆవిడ ఎడమ కనుబొమ్మ మధ్యలో చిన్న గాటు ఉందా? నవ్వేటప్పుడు నోటికి చేయి అడ్డం పెట్టుకుంటుందా? జవాబు రాయక్కరలేదు. ఉంటుంది.

నీళ్లు పోసింది నేనే. నీకు బండి ఇచ్చేముందు ఇంజన్ కడిగి, అప్పటికి మంచినీళ్లు నింపాను. అప్పుడు ఎండాకాలం. చలి ముదరకముందు కూలెంట్ పోద్దామనుకున్నాను, మరిచిపోయాను. ఆ నీళ్లే అతుకుల్ని తినేశాయి. నా నీళ్లే కారి, నా అట్ట మీద పడి, నా దగ్గరికే వస్తే, వాటిని గుర్తుపట్టలేక మనిషి మీదికి తోశాను. నలభై ఏళ్ల పనితనం అంటే ఇదీ. తిట్టదలుచుకుంటే తిట్టు, నాకు వినపడదు.

ఇప్పుడు చెప్పింది చెప్పినట్టు చెయ్యి. నువ్వు బాగుచేసినదాన్ని మళ్లీ పాడుచేయాలి.

ఈ ఉత్తరంతో ఒక డబ్బా కూలెంట్, ఒక కొత్త రబ్బరు పైపు, నాలుగు క్లిప్పులు పంపుతున్నాను. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు ఆ పాడు నీళ్లన్నీ వదిలెయ్. ముందు కలిపిన ముక్క పీకెయ్. వెనక పెట్టె దగ్గర తుప్పు గీకి, కొత్త పైపు వేసి, చచ్చేంత గట్టిగా బిగించు. అక్కడ ఒక్క చుక్క కారకూడదు. తర్వాత ఆకుపచ్చ కూలెంట్ నింపు. అది అయ్యాక, రెండో వరుస కింద ఉన్న అతుకు క్లిప్పును ఒక్క చుట్టు వదులు చెయ్యి. ఒక్క చుట్టే. ధార కాకూడదు, చుక్కచుక్కగా రావాలి. రేకు మీద పారి కాళ్ల దగ్గరికి వచ్చేసరికి చల్లారిపోతుంది, అయినా ముందు నీ చేయి పెట్టి చూసుకో. అప్పుడు అందర్నీ ఎక్కించు.

రెండో వరుసలో కూర్చునేది ఎవరో నువ్వే రాశావు.

నోటితో చెబితే నమ్మనివాళ్లకు కాళ్ల కింద చూపించాలి. ఇది నేను కనిపెట్టిన వైద్యం కాదు. నా మీద ఒకసారి జరిగింది.

ఇట్లు,
పెదనాన్న

తా.క. ఎవరు చేశారు, ఎప్పుడు అని అడగకు.

మరో తా.క. ఈ ఉత్తరం కూడా డాష్‌బోర్డు మీద పెట్టావంటే అక్కడికొచ్చి నీ చెవులు కూడా నా చెవుల్లా చేస్తాను.


శనివారం

పెదనాన్నగారికి వేయి నమస్కారాలు.

చెప్పింది చెప్పినట్టే చేశాను. ఒక బండిని బాగుచేసి, వెంటనే కావాలని పాడుచేయడం ఎంత అలుపో ఇప్పుడు తెలిసింది. క్లిప్పు వదులు చేస్తూ, నాకే పిచ్చో మీకో తేల్చుకోలేకపోయాను.

సగం దారిలో స్టేషన్ మాస్టరుగారు గొంతు సవరించారు. అద్దంలో చూశాను. ఆయన కిందికి చూసుకుంటున్నారు. తెల్ల సాక్సులు. ఆకుపచ్చగా మారుతున్న తెల్ల సాక్సులు. ఆయన రెండు కాళ్లూ ఎత్తి పట్టుకున్నారు. పక్కాయన చూశాడు, ఎదురాయన చూశాడు, అందరూ చూశారు. చివరికి ఆయనే, "ఇది... ఇది నాది కాదండీ" అన్నారు.

నెలనుంచి నోరు విప్పని పిన్నిగారు వెనకనుంచి, "ఫరవాలేదు అన్నయ్యగారూ, వయసు మళ్లినవాళ్లకు వచ్చేదే" అన్నారు.

బండి పక్కకు ఆపాను. ఆపకపోతే నవ్వుకు ఎవరినైనా గుద్దేసేవాణ్ణి. రేకు మూత విప్పి, చుక్కలు కారుతున్న అతుకు చూపించాను. అక్కడినుంచి వెనక పెట్టె దాకా పైపు దారి చూపించాను, పాత అతుకు చూపించాను, మీరు పోసిన నీళ్ల సంగతి కూడా చెప్పేశాను, క్షమించండి. ఈసారి నమ్మారు. స్టేషన్ మాస్టరుగారు వేలితో ఆకుపచ్చ ముట్టుకుని, "ఆవిడకు నేను పొట్లం కొనిచ్చాను బాబూ" అన్నారు. అంతలో పిన్నిగారు భోరుమన్నారు. "అయితే అది నేను కాదా?" అన్నారు.

అప్పుడు అర్థమయింది. ఇన్నాళ్లూ ఆ తడి తనదేననుకుందట ఆ తల్లి. తన తడికి పంతులమ్మగారు మాట పడ్డారని కుమిలిపోయిందట. ఆ రోజునుంచి బండెక్కేముందు నీళ్లు తాగడం మానేసిందట, తడి అందుకే ఆగిందనుకుందట. నా కోటు ఇచ్చినందుకు ఎందుకు ఏడ్చిందో అప్పుడు తెలిసింది.

క్లిప్పు బిగించాను. ఆసుపత్రి వద్దు, బండి తిప్పమన్నారు అందరూ. పంతులమ్మగారి గుమ్మం ముందు ఎనిమిదిమందిమి నిలబడ్డాం. స్టేషన్ మాస్టరుగారు సాక్ష్యం కోసం ప్యాంటు పైకి మడిచి, సాక్సులు చూపిస్తూ నిలబడ్డారు. ఆవిడ తలుపు తీసి, అంతా విని, పిన్నిగారివైపు తిరిగి, "నీది కాదుటే?" అన్నారు.

పెదనాన్నా, ఆవిడకు అది తనది కాదని మొదటినుంచీ తెలుసు. పిన్నిగారిదే అనుకున్నారు. "సంచి గుండెకు అదుముకుని వణికిపోతోంది. ఎవరో ఒకరిది అనుకునేదాకా వీళ్లు ఊరుకోరు కదా, నాదనుకోనీ అని ఆ పొట్లం తీసుకుని దిగిపోయాను" అన్నారు. నడక పోతుందని తెలిసి దిగిపోయారు. ప్లాస్టిక్ కాగితం పరిచినవాణ్ణి నేను అక్కడే ఉన్నాను. ఆవిడ కళ్లలోకి చూడలేక ఏడ్చేశాను. "ఏడవకు, ముక్కు తుడుచుకో" అన్నారు, ఒకటో తరగతివాడితో అన్నట్టు.

కోటు వేసుకుని వచ్చి బండెక్కారు. వెనక హీటర్ వెచ్చగా ఉంది. దారిలో, "ఈ ఆకుపచ్చ ఉపాయం నీకెవరు చెప్పారు?" అని అడిగారు. మీ పేరు చెప్పాను. ఆవిడ నోటికి చేయి అడ్డం పెట్టుకుని చాలాసేపు నవ్వారు. "వాడా! రంగు ఎక్కువయిందని చెప్పు. నేను వట్టి కుండనీళ్లతోనే పని కానిచ్చాను" అన్నారు.

ఏ కుండ? అడగొద్దన్నారు కాబట్టి ఆవిడను అడగలేదు. మిమ్మల్ని అడుగుతున్నాను.

ఇట్లు,
మొదటిసారి నిజంగానే బాగున్న
మీ తమ్ముడి కొడుకు

తా.క. పంతులమ్మగారు ఆ పొట్లం సంచిలోంచి తీసి స్టేషన్ మాస్టరుగారికి తిరిగి ఇచ్చేశారు. "దాచుకో నాయనా, అందరికీ వయసు వస్తుంది" అన్నారు. ఆయన రెండు చేతులతో తీసుకున్నారు.


మంగళవారం

చిరంజీవి అబ్బాయికి పెదనాన్న మనసారా ఆశీర్వదించి రాయునది.

అడగొద్దన్నాక కూడా అడిగావు. చెప్పక తప్పదు. మీ పెద్దమ్మకు కూడా ఇన్నేళ్లలో చెప్పలేదు.

నేను ఒకటో తరగతి. బడిలో చేరి నాలుగు రోజులయింది. ఆవిడకూ అదే మొదటి ఉద్యోగం, ఇరవై రెండేళ్ల పిల్ల. నాకు బయటికి వెళ్లాలి. చేయి ఎత్తాలంటే భయం. పట్టుకున్నాను, పట్టుకున్నాను, పట్టుకోలేకపోయాను. బెంచీ తడిసింది, కింద నేల తడిసింది. నా పక్కవాడు ఇంకా చూడలేదు. వాడు తల తిప్పితే చాలు, బడి మానేసేదాకా నా పేరు అదే అయ్యేది.

ఆవిడ చూసింది. మూలనున్న మంచినీళ్ల కుండ ఎత్తుకుని, నీళ్లు అందరికీ ఇస్తానంటూ మా బెంచీ దగ్గరికి వచ్చి, "అయ్యో" అని చేయి వదిలేసింది. కుండ పగిలింది. నేను, పక్కవాడు, బెంచీ, పలకలు, అన్నీ తడిసి ముద్దయ్యాయి. పిల్లలంతా ఆవిణ్ణి చూసి పగలబడి నవ్వారు. హెడ్‌మాస్టరు వచ్చి, చేతులకు పట్టు లేదా అని పిల్లలందరి ముందూ ఆవిణ్ణి కేకలేశాడు. ఆవిడ తల వంచుకుని నిలబడింది. నావైపు ఒక్కసారి కూడా చూడలేదు. చూస్తే నాకు తెలిసిపోతుందని కాబోలు. నాకు అప్పుడే తెలుసు.

యాభై ఎనిమిదేళ్లయింది. ఇన్ని ఇంజన్లు విప్పాను, ఎక్కడ కారినా పట్టుకున్నానని విర్రవీగాను. అలాంటి మనిషి కాళ్ల దగ్గర తడి కనిపిస్తే, చూడకుండా, అడగకుండా, అట్ట వాసన చూసి మనిషి మచ్చ అని రాశాను. అది తలుచుకుంటే వారం రోజులుగా ముద్ద దిగడం లేదు. ఆవిడన్నట్టు నా ఉపాయంలో రంగు ఎక్కువ, నాలో బుద్ధి తక్కువ.

శుక్రవారం లారీలో నేనే వస్తున్నాను. కొత్త పైపులు రెండూ, ముందునుంచి వెనకదాకా, నా చేత్తో వేస్తాను. ఆవిడ ముందు నిలబడి ఏం చెప్పాలో మాత్రం తెలియడం లేదు. ఆవిడ ఏమన్నా నాకు వినపడదు కాబట్టి, నువ్వు పక్కనుండి గట్టిగా చెప్పు.

ఇట్లు,
ఒకటో తరగతి, రెండో బెంచీ,
నీ పెదనాన్న

తా.క. ఆవిడకు ఒక మట్టికుండ తెస్తున్నాను. దారిలో పగలకుండా ఒళ్లో పెట్టుకుని వస్తాను.

మరో తా.క. ఈ ఉత్తరాన్ని మాత్రం డాష్‌బోర్డు మీద పెట్టి, టీ తాగడానికి వెళ్లు. స్టేషన్ మాస్టరుగారిని మొదటినుంచి చదవమను. వెనక సీటు దాకా వినపడాలి.